పళ్లు చూసి పందెం

రెండు రాష్ట్రాల అప్పుల లెక్క టీవీ చర్చకు వచ్చిందంటే చాలు, కాసేపటికల్లా ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: “యాపిల్స్‌నీ ఆరెంజెస్‌నీ పోల్చకండి.” ఆఫీసుల్లో జీతాల పెంపు దగ్గర, సినిమా వసూళ్ల దగ్గర, పాతతరం బ్యాట్స్‌మన్ గొప్పా కొత్తతరంవాడు గొప్పా అని వాదన ముదిరినప్పుడు కూడా ఇదే మాట వినిపిస్తుంది. అనేవాళ్లు తెలుగులోనే మాట్లాడుతుంటారు. ఈ ఒక్క ముక్క మాత్రం ఇంగ్లిషు నుంచి ఊడిపడుతుంది. వినేవాళ్లకు అర్థం అవుతుంది కూడా. పరాయి భాషలోని పలుకుబడి ఇంత తేలిగ్గా నాలుక మీద కుదురుకుందంటే, ఆ చోట మన దగ్గర ఏదో వెలితి ఉందనే అనుకోవాలి. భాషాభిమానంతో ఈ మాటను కసురుకోవడం కన్నా ఆ వెలితి ఎలాంటిదో చూడటం మేలు. ఎందుకంటే అది ఒట్టి మాటల వెలితి కాదు. మనం మనుషుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, పోల్చే తీరులోనే అది ఉంది.

ఇంగ్లిషువాళ్లకు కూడా మొదట్లో యాపిల్ పక్కన ఉన్నది నారింజ కాదు, ఆల్చిప్ప. ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేదని చెప్పడానికి షేక్‌స్పియర్ ‘ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ’ నాటకంలో యాపిల్‌నూ ఆల్చిప్పనూ జతచేశాడు. జాన్ రే 1670లో అచ్చువేసిన సామెతల సంపుటిలోనూ ఆ జంటే కనిపిస్తుంది. జర్మన్లు, ఫ్రెంచివాళ్లు యాపిల్ పక్కన పియర్ పండును పెడతారు. సెర్బియావాళ్లయితే ముసలమ్మల్నీ కప్పల్నీ పోల్చవద్దంటారు. వాళ్ల భాషలో ఆ రెండు మాటలకూ ప్రాస కుదురుతుంది. వీటిలో ఆల్చిప్ప సామెతకూ నారింజ సామెతకూ మధ్య ఉన్న తేడా గమనించదగ్గది. ఆల్చిప్పను చూసి యాపిల్ అనుకునేవాడు ఎవడూ ఉండడు, కాబట్టి ఆ హెచ్చరికతో ఎవరికీ పనిలేదు. యాపిల్, నారింజ అలా కావు. రెండూ గుండ్రంగా ఉంటాయి, రెండూ అరచేతిలో ఇముడుతాయి, ఒకే తోపుడుబండి మీద పక్కపక్కన ఉంటాయి, ఒకే తక్కెడలోకి ఎక్కుతాయి. పోల్చాలనిపించేది అందుకే. మనిషి పోలికలో పొరపాటు పడేది ఏనుగు దగ్గరా దోమ దగ్గరా కాదు, చూపుకు ఒకేలా ఉన్నవాటి దగ్గర. ఆల్చిప్ప పోయి నారింజ వచ్చాకే ఆ సామెతకు పదును వచ్చింది.

ఇంకొక సంగతి ఉంది. ఆ పదబంధంలో సగం మన వైపు నుంచే వెళ్లింది. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరంజ. యూరప్‌లో ఎక్కడో మొదటి నకారం రాలిపోయి ఆరెంజ్ అయింది. నారంగానికి మూలం ద్రావిడ భాషల్లోనే ఉండవచ్చని చాలామంది భాషావేత్తలు అంటారు. మన నారింజ ఆ కుటుంబంలోదే. యాపిల్‌కు మాత్రం బజారులో యాపిల్ అనే పేరు తప్ప ఇంకో పేరు లేదు. అంటే మనవాళ్లు ఆ ఇంగ్లిషు ముక్క అన్న ప్రతిసారీ ఇల్లు వదిలిపోయిన ఒక మాట వేషం మార్చుకుని తిరిగి వస్తోందన్నమాట. అది వచ్చిందని బాధపడాల్సింది ఏమీ లేదు.

ఇక మన సొంత పలుకుబళ్లను వరసగా తలుచుకుంటే వెలితి ఎక్కడుందో తెలుస్తుంది. రెంటికీ పోలిక లేదనడానికి మనం ఏమంటాం? నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా అంటాం. హస్తిమశకాంతరం అంటాం. భూమికీ ఆకాశానికీ సాటేమిటంటాం, సూర్యుడి ముందు దివిటీ అంటాం. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటాం. అన్నిటిలోనూ ఒకటి పైన, ఒకటి కింద. నాకలోకం పైన ఉంది, నక్క నేల మీద ఉంది. ఏనుగు ముందు దోమ చిన్నబోతుంది. పోల్చవద్దని చెప్పే మాటలే ఇవి, అయినా పోల్చి తీర్పు కూడా ఇచ్చేశాకే నోరు మూస్తాయి. సమానమనే వైపు పలుకుబళ్లు చూడబోతే అక్కడా ఇంతే: దొందూ దొందే, ఆ తానులో ముక్కే, ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి. ఇవి సమానమని ఒప్పుకునేది చెడ్డతనంలో మాత్రమే. రెండూ మంచివే, రెండూ ఎవరి లెక్కన వారివి, ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలవడం తప్పు అని చెప్పే ముక్క, నలుగురి నోళ్లలో నానిన ముక్క, ఎంత వెతికినా చిక్కడం కష్టం. ఇంగ్లిషు మాట వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ ఖాళీలోనే. యాపిల్‌కన్నా నారింజ గొప్పదని గానీ తక్కువదని గానీ అందులో లేదు. నిచ్చెన లేని తేడా అది.

ఇది అన్యాయమైన నింద అని భాష తెలిసినవాళ్లు అనవచ్చు. ‘వేటికవే సాటి’ లేదా, ‘ఎవరి గొప్ప వారిది’ లేదా, ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ లేదా? ఉన్నాయి. కాని వాటిని ఎప్పుడు వాడతామో చూడండి. ఇద్దరు గాయకుల అభిమానులు గొడవపడుతుంటే పెద్దమనిషి మధ్యలోకి వచ్చి ‘ఎవరి గొప్ప వారిదిలే’ అంటాడు. అది మర్యాద మాట, గొడవ ఆపే మాట. పోలిక ఎందుకు కుదరదో అది చెప్పదు. ఇక చాలించమని మాత్రమే చెబుతుంది. జిహ్వకో రుచి అన్నది పోలికనంతా ఇష్టాయిష్టాల్లోకి తోసేస్తుంది, కొలతే లేదన్నట్టు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం మాటకొస్తే, అది లేని సంబంధాన్ని అంటగట్టడం గురించి. పోల్చడం గురించి కాదు. యాపిల్, నారింజ మాటను సరిగ్గా వాడితే పుట్టే ప్రశ్న ఒకటుంది: ఏ కొలత మీద పోలుస్తున్నావు, ఆ కొలత రెంటికీ సరిపోతుందా? మన మర్యాద మాటల్లో ఆ ప్రశ్న లేదు.

ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల జరిగే నష్టం తెలుగు ఇళ్లలో ఏటా ఒక రోజు కళ్లకు కడుతుంది, ఇంటర్ ఫలితాల రోజున. మర్నాటి పేపరు మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, ఫొటో కింద లావుపాటి అక్షరాల్లో అంకె. ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ఏమిటంటే, మొదటి ఏడాది ఎంపీసీ పిల్లలకు మొత్తం 470 మార్కులు: భాషలు రెండూ వందేసి, లెక్కల పేపర్లు రెండూ డెబ్బై అయిదేసి, ఫిజిక్సు, కెమిస్ట్రీ అరవయ్యేసి. బైపీసీవాళ్లకు 440. సీఈసీవాళ్లకు 500. ఎంపీసీ అబ్బాయికి 466 వచ్చి, అదే వీధిలో బైపీసీ అమ్మాయికి 437 వస్తే, అబ్బాయికి నాలుగు మార్కులు పోయాయి, అమ్మాయికి మూడే పోయాయి. మొత్తం ఎంతకో అడగని బంధువు మాత్రం అమ్మాయి ఇరవై తొమ్మిది మార్కులు వెనకబడిందనుకుని ఫోను పెట్టేస్తాడు. రెండో ఏడాదికి చిక్కు ఇంకా సున్నితంగా మారుతుంది. ప్రాక్టికల్స్ కలిసి ఎంపీసీకి 530, బైపీసీకి 560, సీఈసీకి మళ్లీ 500; రెండేళ్లూ కూడితే అందరికీ సరిగ్గా వెయ్యి. ఆ వెయ్యి చూడగానే ఇక పోల్చేయవచ్చనిపిస్తుంది. కాని ఎంపీసీ వెయ్యిలో ప్రాక్టికల్ మార్కులు 60, బైపీసీ వెయ్యిలో 120, సీఈసీ వెయ్యిలో ఒక్కటీ లేదు. ప్రయోగశాలలో బీకరు కింద మంట సర్దుకుంటూ తెచ్చుకున్న మార్కూ, పౌరశాస్త్రం ప్రశ్నకు నాలుగు పేజీల జవాబు రాసి తెచ్చుకున్న మార్కూ, ఇంటిగ్రేషన్ లెక్క చివరి మెట్టులో నిలబెట్టుకున్న మార్కూ ఒకే వెయ్యిలో కలిసిపోయాయి. తొక్క ఒకేలా కనిపిస్తోంది, లోపలున్నవి వేరు పళ్లు.

పరీక్షలు పెట్టేవాళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. జేఈఈ మెయిన్‌ను 2019 నుంచి పలు విడతల్లో, పూటకో ప్రశ్నపత్రంతో నిర్వహిస్తున్నారు. ఒకే సిలబస్, ఒకే పరీక్ష, అయినా పొద్దుటి పేపరులో వచ్చిన మార్కునూ మధ్యాహ్నం పేపరులో వచ్చిన మార్కునూ నేరుగా పక్కన పెట్టరు. ఎవరి పూటలో వాళ్లు ఎంతమందికన్నా ముందున్నారో పర్సంటైల్ కట్టి, ఆ తరవాతే కలుపుతారు. ఒకే చదువులో రెండు పూటల మధ్యే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, రెండు వేరు చదువుల్లో ఉన్న ఇద్దరు పిల్లల్ని భోజనాల దగ్గర ఒక్క వాక్యంతో పోల్చేయడం ఎంత తొందరపాటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం పదహారేళ్ల పిల్లవాడి మనసులో ఎన్నేళ్లు నిలుస్తుందో అన్నవాళ్లకు తెలియదు. “ఎంతకి?” అని బంధువు అడిగి ఉంటే, “అందులో ఏమేం ఉన్నాయి?” అని ఇంకో మాట అడిగి ఉంటే, ఆ ఇంట్లో ఆ రాత్రి భోజనం వేరేలా జరిగేది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్రపంచంలో పోల్చరానిదంటూ ఏదీ లేదు, యాపిల్‌నూ నారింజనూ కూడా నిక్షేపంగా పోల్చవచ్చు అనేది. అమెరికాలో నాసా శాస్త్రవేత్త స్కాట్ శాండ్‌ఫర్డ్ 1995లో ఆ పని చేసే చూపించాడు. రెండు పళ్లనూ ఎండబెట్టి, పొడిచేసి, పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి బిళ్లలుగా నొక్కి, పరారుణ కిరణాలు పంపి వర్ణపటాలు గీశాడు. రెండు గీతలూ చాలావరకు ఒకదాన్నొకటి పోలే ఉన్నాయి. 2000లో జేమ్స్ బరోన్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇదే విషయం మీద ఇంకో వ్యాసం వేశాడు. ఇద్దరూ సరదాకు చేసిన పనులే అయినా వాదన మాత్రం గట్టిది. అంతకన్నా గంభీరంగా ఇదే జవాబు చెప్పినవాడు జీన్ గ్లాస్. వేరువేరు పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కకట్టే మెటా అనాలిసిస్ పద్ధతికి 1976లో పేరు పెట్టింది ఆయనే. యాపిల్స్‌నీ నారింజల్నీ కలిపేస్తున్నావని విమర్శకులు అన్నప్పుడు ఆయన సమాధానం సూటిగా ఉంది: నేను తెలుసుకోవాలనుకున్నది పండ్ల గురించి అయితే రెంటినీ కలపకుండా ఎలా?

ఇవన్నీ నిజమే, కాని ఈ నిజాల్లోనే నా జవాబు ఉంది. గ్లాస్ ముందు తన ప్రశ్న ఏమిటో చెప్పుకున్నాడు, ఆ తరవాతే కలిపాడు. తక్కెడ కూడా అంతే. బరువు ఎంత అన్నంతవరకే రెంటినీ కలిపి తూస్తుంది, తీపి గురించి ఏమీ చెప్పదు. శాండ్‌ఫర్డ్ చేసిన పనిలో ఒక మెట్టు నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పోల్చడానికి ముందు ఆయన రెండు పళ్లనూ పొడి చేయాల్సి వచ్చింది. కొరికితే కరకరలాడేదీ, తొన విప్పితే చేతికి వాసన అంటేదీ రెండూ ఆ పొడిలో లేవు. ప్రతి పోలికా కొంత పొడి చేయడమే. పొడి చేసింది దేన్నో, మిగిలింది ఏమిటో తెలిసి చేస్తే అది విజ్ఞానం. మార్కుల వెయ్యి దగ్గర మనం చేసేది కూడా పొడి చేయడమే, కాకపోతే అక్కడ పండును పారేసి పొడినే పండు అనుకుంటున్నాం.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఈ మాట తరచుగా బలవంతుడి చేతిలో డాలు అవుతుంది. లెక్క చెప్పాల్సి వచ్చిన ప్రభుత్వం ‘వాళ్ల పరిస్థితి వేరు, మా పరిస్థితి వేరు’ అని తప్పుకుంటుంది. వేరైనా సమానమే అన్న తియ్యటి మాటతోనే అమెరికా సుప్రీంకోర్టు 1896లో నల్లవాళ్లకు వేరే రైలుపెట్టెల్ని సమర్థించింది. ఆ మాటలోని మోసాన్ని 1954లో పాఠశాలల కేసులో అదే కోర్టు ఒప్పుకోవాల్సి వచ్చింది. మన పొలాల్లో చూడండి. ఆడకూలి తక్కువ, మగకూలి ఎక్కువ. ఎందుకంటే ‘ఆ పని వేరు, ఈ పని వేరు’ అంటారు. నడుము వంచి, చీలమండల దాకా బురదలో నిలబడి, వెనక్కి నడుస్తూ రోజంతా నాటు వేసే మనిషికీ, పార పట్టి గట్టు చెక్కే మనిషికీ పని వేరే. పని వేరు కాబట్టి కూలి తక్కువ ఉండాలని ఎవరు చెప్పారు? ఇక్కడ పోల్చవద్దన్న మాటే అన్యాయాన్ని కాపాడుతోంది.

దీనికి దారి చూపించినవాళ్లు ఉన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన నూరవ ఒడంబడిక ఒకే పనికి ఒకే జీతం అనే దగ్గర ఆగలేదు, సమాన విలువ ఉన్న పనికి సమాన వేతనం అంది. మన దేశం 1958లో దాన్ని ఆమోదించింది. ఆ మాట ఎంత దూరం వెళుతుందో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ ఓడల కర్మాగారంలో తెలిసింది. అక్కడి క్యాంటీన్‌లో వంట చేసే జూలీ హేవార్డ్, తన పని విలువ రంగులు వేసేవాడి పనికీ, వడ్రంగి పనికీ, గొట్టాలకు వేడి ఆగే పొరలు చుట్టేవాడి పనికీ తీసిపోదని కేసు వేసింది. గరిటెకూ ఉలికీ పోలికేమిటని ఎవరైనా అనగలరు. కాని నేర్పు ఎంత కావాలి, శ్రమ ఎంత, బాధ్యత ఎంత అని ఒక్కొక్క కొలతా విడివిడిగా తీసి చూస్తే ఆమె వాదన నిలబడింది. 1988లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమె వైపే తీర్పు చెప్పింది. అక్కడ యాపిల్‌నూ నారింజనూ పోల్చారు. పోల్చాలి కాబట్టే పోల్చారు. అంతవరకూ ఎవరి లెక్క ప్రకారమో నడుస్తున్న పాత కొలతను పక్కన పెట్టి, రెండు పనులకూ న్యాయంగా సరిపోయే కొలతను ముందు వెతికారు. ఆ పలుకుబడిని డాలుగా వాడేవాడు ‘పోల్చకు’ దగ్గర ఆగిపోతాడు. దాన్ని నిజాయతీగా వాడేవాడు ‘ఈ కొలతతో పోల్చకు’ అంటాడు, సరైన కొలత తెచ్చే పూచీ కూడా తీసుకుంటాడు.

అయితే ఆ ఇంగ్లిషు ముక్కను తెలుగులోకి మార్చుకుని ‘యాపిళ్లనూ నారింజలనూ పోల్చరాదు’ అని రాస్తే సరిపోతుందా? సరిపోదనిపిస్తుంది. అచ్చులో అది అద్దెకు తెచ్చుకున్న చొక్కాలా వేలాడుతుంది. నల్లగొండలో బత్తాయి అనీ అనంతపురంలో చీనీ అనీ ఒకే కాయకు రెండు పేర్లు పెట్టుకున్న జనానికి ఆరెంజ్ ఏదో, కమలా ఏదో తేల్చుకునేలోపే సామెత చల్లారిపోతుంది. మన నోట పుట్టాలంటే మన కళ్ల ముందున్న పనిలోంచి పుట్టాలి. అలాంటి పని ఉంది. మన సామెతల్లో లేని తెలివి మన ఆటల్లో ఉంది. బరిలో ‘ఉజ్జీ’ చూస్తారు. సమఉజ్జీ కానివాళ్లను దింపితే చూసేవాళ్లే ఒప్పుకోరు. అంతకన్నా చక్కగా ఎద్దుల బండలాగుడు పోటీల్లో ఉంటుంది. ఒంగోలు గిత్తల జతలు ఎన్ని వచ్చినా అన్నిటినీ ఒకే బండకు కట్టరు. పాలపళ్ల విభాగం వేరు, రెండు పళ్లు వేరు, నాలుగు పళ్లు వేరు, ఆరు పళ్లు వేరు, ఆపైన పెద్ద విభాగాలు వేరు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు, గెలుపూ ఓటమీ ఉంటాయి, ఒకరికి మొదటి బహుమతి వస్తుంది, ఒకరికి రాదు. పోలిక మానేయలేదు. పోలికకు ముందు చేయాల్సిన పని చేశారు.

తెలుగు ఇక్కడ మనకు ఒక వరం కూడా ఇచ్చింది. పండుకు బహువచనం పళ్లు, పన్నుకూ బహువచనం పళ్లే. యాపిలూ నారింజా చెప్పాల్సిన మాటను ఎడ్ల పళ్లు చెప్పగలవు. “పళ్లు చూశావా?” అని అడిగితే చాలు, ఏ కొలత మీద, ఏ జతలో, మొత్తం ఎంతకు అన్న ప్రశ్నలన్నీ అందులో ఇముడుతాయి. ఇది పాత సామెత కాదు, నేనిప్పుడు అంటున్న మాట. సామెతలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మొదటిసారి అన్నవే కదా.

బండ కట్టకముందు ఆ బరి దగ్గర ఏం చేస్తారో ఒకసారి చూడాలి. గిత్త మెడ మీద చెయ్యి వేసి నిమురుతూ ఒకాయన దాన్ని నిలబెడతాడు. ఇంకొకాయన కింది పెదవి బొటనవేలితో దించి, చిగురు దగ్గర లేచిన వెడల్పాటి పన్నూ పక్కనే ఇంకా ఊడని పాలపన్నూ చూసి, వేళ్లతో లెక్క చెబుతాడు. కమిటీవాళ్లు వంగి వాళ్లూ చూస్తారు. గిత్త తల విదిలిస్తుంది, మళ్లీ పట్టుకుంటారు. రెండే. రెండు పళ్ల జాబితాలో పేరు రాసుకున్నాకే కాడి ఎత్తుతారు.